దారానికి కాచిన గంజి

గద్వాలలో మా నేతవీధి అంతటా ఒకటే మాట: తిరుపతమ్మ కాచినట్టు గంజి ఇంకెవరూ కాచలేరని. తాగడానికి కాదు, దారానికి. నూకలు నానబెట్టి, మెత్తగా రుబ్బి, అడుగంటకుండా కలుపుతూ కాచి, గుడ్డలో వడగట్టేది. పొద్దున్నే వీధిలో నిలువు దారాల పడుగు చాపి ఆ గంజి పట్టిస్తారు. పలచనైతే దారం పీచు లేచి మగ్గం మీద తెగుతుంది, చిక్కనైతే కర్రలా బిగుసుకుంటుంది. మా వరసలో నాలుగిళ్ళ నూలుకూ ఆమె గంజే. ఏ రోజుకారోజు ఎవరిదో ఒకరి పడుగు ఉండేది కాబట్టి ఆమె పొయ్యి మీద గంజి కుండ లేని రోజు ఉండేది కాదు.

మంచి పనిమంతురాలు. నోరు మాత్రం మంచిది కాదు. మా అమ్మ హన్మమ్మను ఒకసారి నలుగురి ముందు దోషిని చేసింది. కాబట్టి నేను చెప్పేదాంట్లో కాస్త కారం తగిలితే తగలనీయండి.

ఆమె భర్త వెంకట్రాములు, మా నాయన యాదయ్య ఒకే మగ్గం మీద కూర్చునేవాళ్ళు. మా చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసేచోట పోగు పోగుకూ ముడి పడాలి, అందుకే మగ్గానికి ఇద్దరు కావాలి. ఆ పనికి కావలసింది బలం కాదు, కన్ను. వెంకట్రాములుకు నలభై రెండో ఏట ఆ కన్నే మసకేసింది. ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరేది కాదు. గడియకోసారి మగ్గం దిగి ఒంటేలుకు పెరట్లోకి పోయేవాడు. ఆ చోట చీమలు బారులు కట్టాయి. కాలికి మగ్గం చెక్క గీసుకుంటే నెలరోజులైనా పుండు మానలేదు. 1938 చలికాలంలో తిరుపతమ్మ అతన్ని రైలెక్కించి కర్నూలు దవాఖానకు తీసుకుపోయింది.

చక్కెర రోగమన్నారు. రోజూ పొడిచే సూదిమందు ఒకటుందిగానీ అది మీ ఇళ్ళలో కాని పని అన్నారు. జొన్న, బియ్యం, బెల్లం, గడ్డలు మానాలి. ఆకుకూరలు, గుడ్లు, పల్లీలు, మజ్జిగ, దొరికిన రోజు మాంసం, చేపలు. ఈ కట్టుబాటు తప్పితే ముందు కళ్ళు పోతాయి, తర్వాత కాలు పోతుంది. తిరుగు రైలు దిగి ఇంటికి రాగానే తిరుపతమ్మ మగ్గం పలక మీద అతని చెయ్యి పెట్టించి, రొట్టె గానీ అన్నం గానీ ముట్టనని ఒట్టు వేయించింది.

ఒట్టు వేయించడం తేలిక. జొన్నరొట్టె లేకుండా మనిషి కడుపు నింపడం ఎట్లాగో మా వీధిలో ఎవరికీ తెలియదు. కూరంటే రొట్టెకు అద్దుకునేదే కదా. తిరుపతమ్మ కూరనే రొట్టె చేసింది. సొరకాయ సన్నగా తురిమి, నీళ్ళు పిండేసి, వేయించిన నువ్వులు దంచిపోసి పొడిపొడిగా వేపేది. చూస్తే ఉప్మా అనుకునేవాళ్ళం. గంగవాయిలి కూరలో పల్లీలు బరకగా దంచి వేసి ముద్దకు వచ్చేట్టు చేసేది. గోకరకాయలో గుడ్డు కొట్టేది. పుంటికూరలో చేపముక్కలు వేసిన రోజు ఆ వాసనకు మా మగ్గం కూడా ఆగేది.

చిక్కల్లా మధ్యాహ్నం వచ్చింది. నాలుగిళ్ళ వాళ్ళం మా అరుగు మీద కలిసి తినేవాళ్ళం; నూకలు రుబ్బే పనితో తిరుపతమ్మ మాత్రం ఇంట్లోనే తినేది. ఎవరి రొట్టె వాళ్ళు తెచ్చుకున్నా, మొదటి రొట్టె తుంచి పక్కవాళ్ళ తలెలో, అంటే కంచంలో, పెట్టనిదే ఎవరూ నోట్లో ముద్ద పెట్టరాదు. పెట్టకపోతే తగువు ఉన్నట్టు, తీసుకోకపోతే వెలివేసినట్టు. అతన్ని ఇంట్లోనే తినమంది తిరుపతమ్మ.

"చచ్చినా తినను. ఇంట్ల కూసొని తింటానికి నేనేమన్న ముట్టరాని రోగమోన్నా?" అన్నాడు వెంకట్రాములు.

దారి చూపింది మా అమ్మే. "నీ రొట్టెలు నువ్వు ఎప్పట్లెక్కనే చెయ్యి, తిరుపతీ. మరిది తెచ్చి మాకు తుంచి పెడ్తడు. మేము ఆయనకు రొట్టె పెట్టం, కూర పెడ్తం. ఇచ్చుడు పోదు, తీసుకునుడు పోదు" అంది.

అట్లా ఆ ఇంట్లో ఎప్పటిలాగే ఎనిమిది రొట్టెలు కాలేవి. వెంకట్రాములు తన వంతు నాలుగు రొట్టెలూ మిగతా మూడిళ్ళకూ పంచేవాడు. మా ఇంటి తోటకూర, పక్కింటి చిక్కుడుకాయ, ఆ పక్కింటి గుడ్డు అతని తలెలోకి వచ్చేవి. కూరలు ఎక్కువ వండాల్సి వచ్చిందని ఎవరూ సణగలేదు, రొట్టెలు కలిసి వచ్చాయి కదా. రెండు నెలల్లో పుండు మానింది. పట్టుపోగు నూలుపోగు వేరుగా కనబడుతున్నాయని అతను చెప్పిన రోజు తిరుపతమ్మ వీధికంతా వినబడేట్టు నవ్వింది. ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదలు.

ఎండాకాలం వచ్చేసరికి మళ్ళీ దాహం మొదలైంది. మళ్ళీ చీమలు. అంచు దగ్గర ముడులు తప్పిపోయి మా నాయన రెండుసార్లు నేత విప్పాడు.

తిరుపతమ్మ వండే వంట మారలేదు. ఇంట్లో అతను తినేది ఆమె కళ్ళముందే. ఇక మిగిలింది మా అరుగు. ఒక మధ్యాహ్నం అందరూ తినడానికి కూర్చోగానే వచ్చి మా అమ్మ ఎదురుగా నిలబడింది.

"దొంగతనంగ రొట్టె పెడుతున్నవ్ గదా, హన్మక్కా? జాలి చూపిస్తున్నవ్? నీ జాలికి ఆయన కన్ను పోతది. కన్ను పోతే మగ్గం పోతది. అప్పుడు నువ్వు సాకుతవా మమ్ముల?"

మా అమ్మ చేతిలో కూర గరిట అట్లాగే ఉంది. నేను వెంకట్రాములు వైపు చూశాను. అతను తల వంచుకుని తలెలో పల్లీలు ఏరుతున్నాడు. కాదని ఒక్క మాట అనలేదు. నాకు ఈనాటికీ కోపం తిరుపతమ్మ నోటి మీద కన్నా అతని మౌనం మీదే ఎక్కువ.

ఆ రోజు నుంచి పదకొండు రోజులు అతను ఇంట్లోనే తిన్నాడు. మా అరుగు మీద మిగతా మూడిళ్ళ వాళ్ళూ ఒకరికొకరు రొట్టె తుంచి పెట్టుకున్నారు గానీ అతని చోట్లో ఎవరూ కూర్చోలేదు. మా అమ్మ మాత్రం అలవాటుకొద్దీ రోజూ కూర ఎక్కువే వండేది, సాయంత్రం అది నేను తినేదాన్ని.

ఈలోగా నాలుగిళ్ళ మగ్గాల మీదా దారాలు తెగడం మొదలైంది. గంజి పలచనవుతోందని మా నాయనే వెళ్ళి చెప్పాడు. తిరుపతమ్మకు తల కొట్టేసినట్టయింది. తన గంజికి ఎవరైనా వంక పెట్టడం అదే మొదటిసారి. ఆ వారమే ఆమె అతని పంచె ఉతుకుతుంటే రొంటి ముడిలో ఏదో గరగరలాడింది. విప్పి చూస్తే ఉప్పు.

దారానికి వేసే గంజిలో ఉప్పు వేయరు. మరి నేతగాడి రొంటిలో ఉప్పెందుకు? తెల్లవారి ఆమె రోజూలాగే పడుగు దగ్గరికి మొయ్యమని గంజి కుండ అతనికి ఎత్తిచ్చి, వెనకే పోయి సందు మలుపులో నిలబడింది. అతను కుండ దించాడు, రొంటి నుంచి ఉప్పు తీశాడు, చెంబు ముంచి తాగాడు. రెండో చెంబూ తాగాడు. తర్వాత బావి దగ్గరికి పోయి రెండు చెంబుల నీళ్ళు తెచ్చి కుండలో పోసి కలిపాడు.

ఆమె ఎదురుపడగానే అతను అన్న మాట మా ఇంట్లోకి కూడా వినబడింది. "నేను ఒట్టు తప్పలే. రొట్టె ముట్టలే, అన్నం ముట్టలే. గంజి తిండెట్ల అయితది? అది దారానిది."

ఇది సాకు కాదు, అతను నిజంగానే నమ్మాడని మా నాయన అనేవాడు. మా ఇళ్ళలో గంజి వంటలో లెక్కకు రాదు. అది కుంచె, కండె, రాట్నం లాగా పనిముట్టు కిందే లెక్క.

"నోట్ల పోసుకున్నంక దారానిదెట్లయితది?" అంది ఆమె.

"జర నోటికి తెల్లగ ఏమన్న తగలాలనిపిస్తది, తిరుపతీ. ఎన్ని కూరలు తిన్నా అది పోతలేదు. నీకేం తెల్వదు."

"నాకు తెల్వదా? ఈ ఆరు నెలల్ల నేనేం తింటున్ననో ఒక్కసారన్న నా తలెల చూసినవా?"

అతను చూడలేదు. ఎవరం చూడలేదు. ఎనిమిది రొట్టెల్లో ఆమె వంతు నాలుగూ రోజూ భిక్షగాళ్ళకో, కూలి వెతుక్కుంటూ పోయే వాళ్ళకో పోతున్నాయి. ఆయన తిననిది నేనెట్ల తినాలె అని ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పే స్వభావం కాదు.

ఆ పొద్దే తిరుపతమ్మ గంజి కుండ చంకనెత్తుకుని మా గడప ముందుకు వచ్చింది. అరుగు కింద నేల మీద పెట్టింది.

"తప్పు నాదే, అక్కా. దొంగ మా ఇంట్లనే ఉండె. ఇగ గంజి నువ్వే కాచు. మా ఇంట్ల కుండ ఉండొద్దు."

వీధిలో ఆమెకున్న పేరంతా ఆ కుండే. మా అమ్మకు ఆ సంగతి తెలుసు. కాసేపు కుండ వంక చూసి లోపలికి తీసుకుంది. "మరిదిని పగటికి పంపు. పదకొండు రోజుల నుంచి ఆయన కూర తినలేక చస్తుంది మా పిల్ల" అంది.

మా అమ్మ కాచిన గంజి ఎప్పుడూ ఒక పిసరు చిక్కనే అయ్యేది. నాలుగిళ్ళూ సర్దుకున్నాయి. వెంకట్రాములు ఆ తర్వాత ఆరేళ్ళు మగ్గం మీద కూర్చున్నాడు. చివరి దాకా రెండు కళ్ళూ పనిచేశాయి. 1945 వానాకాలంలో విషజ్వరమొచ్చి వారం రోజుల్లో పోయాడు.

దినాలు అయిన మర్నాడు మధ్యాహ్నం తిరుపతమ్మ మా అరుగు మీదికి వచ్చి అతని చోట్లో కూర్చుంది. అలవాటు ప్రకారం రొట్టెలు తుంచి అందరికీ పెట్టింది. మా అమ్మ కూర గరిట ఎత్తింది, మళ్ళీ దించింది. తన రొట్టె సగం తుంచి ఆమె తలెలో పెట్టింది.

"ఇగ తిను, తిరుపతీ."

ఆమె చిన్న ముక్క తుంచి, కూర అద్దకుండా నోట్లో పెట్టుకుని మెల్లగా నమిలింది. ఏడేళ్ళ తర్వాత అదే మొదటి ముక్క. నములుతూ ఉండగానే ఆమె దవడ ఆగిపోయింది.

"రొట్టె గింత తియ్యగుంటదా, అక్కా?" అంది. తలెలో మిగిలిన రొట్టెను పక్కకు జరిపింది. "రెండు చెంబుల గంజే గదా తాగిండు. రెండు చెంబులు."