వెనక గది పేర్లు

నా చిన్నప్పుడు మేము దోహాలో, అల్ తుమామాలో ఉండేవాళ్ళం. ప్రపంచ కప్పు వస్తోందని ఊరంతా తవ్వి పోసిన రోజులవి. మా ఇంటికి కాస్త దూరంలో స్టేడియం అప్పుడప్పుడే పైకి లేస్తోంది. పొద్దున తుడిచిన గుమ్మం మధ్యాహ్నానికి మళ్ళీ తెల్లగా దుమ్ము పట్టేది. మా అమ్మ ఆ దుమ్మునూ, స్టేడియాన్నీ, బంతాటనూ కలిపి తిట్టుకుంటూ రోజుకు మూడుసార్లు తుడిచేది.

మేమున్నది ఒక పాత విల్లా. ఒకప్పుడు ఒకే కుటుంబం ఉన్న ఇంటిని గోడలు పెట్టి తొమ్మిది పోర్షన్లుగా విడగొట్టారు. అందరికీ కలిపి ఒక వాకిలి. ఆ వాకిలి చివర, వెనక గోడను ఆనుకుని, పూర్వం సామాన్లు పెట్టుకున్న గది ఒకటి ఉండేది. అందులో తెలంగాణ నుంచి వచ్చిన నలుగురు మగవాళ్ళు ఉండేవారు. వాళ్ళది స్టేడియంలో రాత్రి డ్యూటీ. సాయంత్రం అయిదింటికి కంపెనీ బస్సెక్కి వెళ్ళి, తెల్లవారాక వచ్చి, పగలంతా నిద్రపోయేవారు. మేము ఆ ఇంటికి వచ్చి రెండేళ్ళయింది. ఆ గదికీ మా గుమ్మానికీ మధ్య ఇరవై అడుగులు కూడా లేవు. అయినా వాళ్ళ పేర్లు నాకు తెలియవు. మా ఇంట్లో వాళ్ళ గురించి మాట్లాడాల్సి వస్తే 'వెనక గది వాళ్ళు' అనేవాళ్ళం, అదీ గొంతు తగ్గించి. మాది కోస్తా కావడంతో వాళ్ళ మాట నాకు వింతగా ఉండేది. వాళ్ళలా మాట్లాడి చూపించి మా తమ్ముణ్ణి నవ్వించేదాన్ని కూడా.

ఒక శుక్రవారం ఇంటి యజమాని వచ్చాడు. ముసలాయన. మేమంతా 'అర్బాబ్' అనేవాళ్ళం, అక్కడి మాటలో యజమాని అని. ఇంకో ఇంటి పనిలో మిగిలిపోయిన ఇనుప పైపులూ నాలుగు రేకులూ ఉన్నాయట. ఒక రోజుకు పనివాణ్ణి కూడా పంపిస్తానన్నాడు. వాకిట్లో అందరికీ పనికొచ్చేది ఏదో ఒకటి కట్టుకోండి, ఏమిటన్నది మీలో మీరే తేల్చుకోండి, ఒక్కొక్కరూ వచ్చి నా ప్రాణం తీయొద్దు అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే వాదనలు మొదలయ్యాయి. కారున్న వాళ్ళు కారుకు నీడ కావాలన్నారు. పిల్లలున్న వాళ్ళు ఉయ్యాల కావాలన్నారు. కింది పోర్షన్ అంకుల్‌కు అప్పుడే కొన్న కారుంది. ఆయన గొంతు అందరికంటే పెద్దది.

ఆ గొడవను ఒక దారిలో పెట్టింది మా పక్క పోర్షన్ అక్క. ఆమె ఒక ఇంజనీర్ల ఆఫీసులో డ్రాయింగులు గీసేది. అక్కడ ఆమె పై అధికారి ఒక ఇంగ్లండు ముసలాయన. టీ తాగినప్పుడల్లా తన పల్లెటూరి గురించి చెప్పేవాడట. ఆ ఊళ్ళో వీధి బాగు చేయాలన్నా, బస్సు కోసం నిలబడే చోట బెంచీ వేయాలన్నా ముందు ప్రతి ఇంటికీ ఒక కాగితం పంపుతారట. ఎవరికేం కావాలో రాయించుకుని, ఆ జవాబులన్నీ ఊరి హాలు గోడకు అంటిస్తారట. పని పూర్తయ్యాక మళ్ళీ అందరూ కూర్చుని, బాగుందా లేదా అని అడుగుతారట. ఒకసారి ఊరి చివర చక్రాల బండిలో కాపురముంటున్న ఒకతన్ని అడగడం మరిచిపోయారు. అతను ఊరివాడు కాదు కదా అనుకున్నారు. తీరా చూస్తే కాలిబాట మీద వాన నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో రోజూ నడిచే అతనొక్కడికే తెలుసు. కొత్తగా రాళ్ళు పరిచిన బాట మొదటి వానకే మునిగిపోయింది. అక్క ఈ కథ మాకు చెప్పి, మన వాకిట్లోనూ అలాగే చేద్దాం, ఒక్క తలుపు కూడా వదలొద్దు అంది.

కాగితాలు అక్క తన ఆఫీసులో తయారు చేసి తెచ్చింది. పైన పేరు. కింద మూడు ప్రశ్నలు: మీ ఇంట్లో ఎంతమంది, వాకిలి ఏ వేళ వాడుకుంటారు, ఏ ఒక్కటి కావాలి. ఇంటికొకటి, వెనక గదిలో ఉన్నది ఒక కుటుంబం కాదు కాబట్టి అక్కడ తలా ఒకటి. ఇంటింటికీ తిరిగి రాయించుకొచ్చే పని నాకిచ్చింది. నాకప్పుడు పదకొండేళ్ళు. నా చేతిరాత బాగుంటుందని ఆ విల్లా అంతటా పేరుంది. ఆ పేరు నా నెత్తికెక్కి కూర్చుని ఉంది. అట్టకు కాగితాలు బిగించుకుని, చెవి మీద పెన్ను పెట్టుకుని, పెద్ద ఆఫీసరులా బయల్దేరాను. వెళ్ళిన ప్రతి ఇంట్లో ఏదో ఒకటి పెట్టారు. కేరళ ఆంటీ అరటికాయ చిప్స్ పెట్టింది. కింది అంకుల్ కూడా బిస్కెట్ ఇచ్చి, కారు నీడ అని కాస్త లావుగా రాయమన్నాడు.

చివరికి వెనక గది మిగిలింది. మధ్యాహ్నం మూడు అయి ఉంటుంది. తలుపు పక్కన సిమెంటు పట్టిన బూట్లు నాలుగు జతలు వరసగా ఉన్నాయి. లోపల్నుంచి గురక వినిపిస్తోంది. చెమట వాసన. నేను తలుపు ముందు కాసేపు నిలబడి, కొట్టకుండానే వెనక్కి తిరిగాను. పాపం నిద్రపోతున్నారు, లేపడం ఎందుకనుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నాకు అసహ్యం వేసింది. అంతే.

మెట్ల కింద కూర్చుని, రాయించుకొచ్చిన కాగితాలు లెక్కపెట్టాను. తొమ్మిది ఇళ్ళలో అయిదు కారు నీడకు, నాలుగు ఉయ్యాలకు. ఒళ్ళో నాలుగు ఖాళీ కాగితాలున్నాయి. నాకు ఉయ్యాల కావాలి. అటు ఇటు చూసి, నాలుగింటిలోనూ ఉయ్యాల అని రాసేశాను. వాళ్ళే రాసి ఇచ్చినట్టు కనిపించాలని ఒకటి పెన్సిలుతో, ఒకటి ఎడమచేత్తో, మిగతా రెండు వేరు వేరు పెన్నులతో. పేరు రాయాల్సిన చోట మాత్రం చెయ్యి ఆగింది. ఒక్కరి పేరూ తెలియదు. అయితే ఎక్కువసేపు ఆగలేదు లెండి. ఎల్లయ్య, పుల్లయ్య, మల్లయ్య, రాజయ్య అని రాసి పారేశాను. వాళ్ళ పేర్లు అలాగే ఉంటాయిలే అనుకున్నాను. రాస్తూ నవ్వుకున్నాను కూడా. ఈ జ్ఞాపకంలో నాకు ఇప్పటికీ మింగుడు పడనిది ఆ నవ్వే.

ఉయ్యాల గెలిచింది. ఆ తర్వాతి శుక్రవారానికే పైపులు పాతి, గొలుసులు వేలాడదీసి, పైన నీడకు నాలుగు రేకులూ బిగించారు. వాకిట్లో ఖాళీ ఉన్న చోటు ఒక్కటే, వెనక గది కిటికీ ముందు. అక్క ఆ పల్లెటూళ్ళో చేసినట్టే అందరి పేర్లూ, ఎవరేం అడిగారో రాసి గేటు దగ్గర గోడకు అంటించింది. నేను రాసిన నాలుగు పేర్లూ ఆ జాబితాలో అందరి పేర్లతో సమానంగా నిలబడ్డాయి.

బడి నుంచి ఒంటిగంటన్నరకు వచ్చి, అన్నం మెతుకులు గొంతు దిగీ దిగకుండానే ఉయ్యాల దగ్గరికి పరిగెత్తేవాళ్ళం. గొలుసు కిర్రుమనేది. మా అరుపులకు హద్దు లేదు. ఆ గదిలోంచి ఎవరూ ఒక్కసారి కూడా బయటికి వచ్చి మమ్మల్ని కసరలేదు. పది రోజులయ్యాక నాన్న ఇంటికి వస్తూ ఒక మాట మోసుకొచ్చారు. వెనక గదిలో అందరికంటే పెద్దాయన రెండుసార్లు డ్యూటీలో కునికాడట. అంత ఎత్తున పనిచేసే చోట అది చిన్న విషయం కాదు. మూడోసారి దొరికితే అక్కడ ఉంచరట. పగలు నిద్ర ఉండట్లేదని అదే గదిలో కుర్రాడొకడు బస్టాపు దగ్గర నాన్నతో చెప్పాడట. నాకు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఆ శుక్రవారం సాయంత్రం అక్క అందరినీ వాకిట్లోకి పిలిచింది. పని అయ్యాక బాగుందా లేదా అని అడగడం కూడా ఆ పద్ధతిలో భాగమే కదా. వెనక గది నుంచి పెద్దాయన ఒక్కడే వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. ఆయన్ని అంత దగ్గరగా చూడటం నాకదే మొదలు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన నిద్ర సంగతి అప్పటికే వాకిలంతా తెలిసింది. ఆయన నోరు తెరవకముందే కింది అంకుల్ లేచాడు.

"మీ గది నాలుగు ఓట్లతోనే గదయ్యా నా కారుకి నీడ లేకుండా పోయింది! ఉయ్యాల కావాలని మీరే రాసి, ఇప్పుడు నిద్ర పట్టట్లేదంటే ఎట్టా?"

పెద్దాయనకు అర్థం కాలేదు. అక్క జాబితా చూసి, మీలో పుల్లయ్య గారెవరు అని అడిగింది. ఆయన గోడ మీది కాగితాన్ని చూశాడు. తర్వాత చుట్టూ చూశాడు. నేను అమ్మ పక్కన చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయన చూపు నా దగ్గర ఆగింది. ఇప్పుడు చెప్పేస్తాడు, మేం రాయలేదంటాడు, అంతా నా వైపు తిరుగుతారు అనుకున్నాను.

"నేనే పుల్లయ్యను," అన్నాడు. "ఉయ్యాల మేమే రాయించినం. పిల్లలు ఊగుతరు గదా అని."

అంకుల్ మరో నాలుగు మాటలు అన్నాడు. మనిషన్నాక అడిగేముందు ఆలోచించుకోవాలన్నాడు. ఆయన తల వంచుకుని విన్నాడు. తానే అడిగానని ఒప్పుకున్నాక ఉయ్యాలను అక్కణ్ణుంచి తీయమని అడిగే హక్కు ఆయనకు లేకుండా పోయింది. ఆ సంగతి ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. ఒక్క మాట అంటే సరిపోయేది, నేను రాశానని. నేను అమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డాను. అంతా ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు.

అక్క మాత్రం వెళ్ళలేదు. నన్నేమీ అడగలేదు, తిట్టలేదు. సంచీలోంచి నాలుగు ఖాళీ కాగితాలు తీసి నా చేతిలో పెట్టి, "ఈసారి తలుపు కొట్టు" అని మాత్రం అంది. ఆమెకు ఎప్పుడు తెలిసిందో నేను ఎన్నడూ అడగలేదు.

మర్నాడు నాలుగున్నరకు, వాళ్ళు లేచి డ్యూటీకి తయారయ్యే వేళ వెళ్ళాను. తలుపు కొట్టాను. పెద్దాయనే తీశాడు. లోపల నాలుగు మంచాలు, ఒక పొయ్యి, గోడకు దేవుడి పటం, దాని ముందు తుడిచి పెట్టిన చిన్న దీపం. మా ఇంట్లో కంటే శుభ్రంగా ఉంది. ఆ కాగితాలు నేనే రాశానని ఎలా చెప్పానో గుర్తులేదు. ఏడుస్తూ చెప్పానని మాత్రం గుర్తుంది.

"నాకు నిన్ననే ఎర్కయింది బిడ్డా," అన్నాడాయన. "చేతులు ఎన్కకు వెట్టుకొని నిలవడ్డవు. తప్పు జేస్తె మా పిల్ల గూడ గట్లనే నిలవడ్తది. గంతమంది ముంగట నిన్నెట్ల జెప్పాలె?"

మంచం మీద చోటు చూపించి కూర్చోమన్నాడు. ఒక్కొక్కరినీ పేరు అడిగి రాసుకున్నాను. పెద్దాయన తన పేరు రెండుసార్లు చెప్పాడు, నేను సరిగ్గా రాయాలని. ఆ పేరు ఇక్కడ రాయను. ఒకసారి ఆయన పేరు చోట నా ఇష్టం వచ్చింది రాశాను, అది చాలు. ఏ ఒక్కటి కావాలి అని అడిగితే, వాళ్ళు నలుగురూ ఒకళ్ళ మొఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆయనే కిటికీ వైపు చూపించాడు.

"గా కిటికీకి ఒక్క రేకుంటే మంచిగుండు. పొద్దంత ఎండ మొఖం మీదనే వడ్తది."

ఒక్క రేకు. మా తలల మీద నాలుగు బిగించుకుని ఊగుతున్నాం.

ఆ కాగితాలు తీసుకెళ్ళి అక్కకిచ్చాను. గేటు దగ్గరి జాబితా ఆమె మార్చలేదు, నన్నే మార్చమంది. నాలుగు పేర్లూ కొట్టేసి, పక్కన నా చేత్తో అసలు పేర్లు రాశాను. వెనక గది వాళ్ళను అడగకుండా నేనే రాశాను అని కింద ఒక వాక్యం రాసి నా పేరు పెట్టాను. వచ్చే పోయే వాళ్ళంతా ఆగి చదివారు. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కింది అంకుల్ అది చదివి నేరుగా వెనక గదికి వెళ్ళి చాలాసేపు లోపల కూర్చున్నాడు. ఉయ్యాలను గేటు పక్కకు మార్చి, ఒక రేకు కిటికీకి బిగించాలని అందరూ ఒప్పుకున్నారు. అర్బాబ్ సరేనన్నాడు గానీ, పనివాడికి శుక్రవారం దాకా తీరిక లేదన్నాడు.

మంగళవారం పెద్దాయన మళ్ళీ కునికాడు. ఆ వారం మేమెవరమూ ఉయ్యాల ముట్టుకోలేదు. అయినా అన్ని రోజుల నిద్ర అప్పటికప్పుడు తిరిగొస్తుందా? ఉద్యోగం తీసేసి ఊరికి పంపించలేదు, అదొక్కటే మేలు. ఎక్కడో ఉత్తరాన, అల్ రువైస్ రేవు దగ్గర వేరే పనిలో వేశారు. కష్టం ఎక్కువ, ఓవర్‌టైం లేదు, తన ఊరివాడు ఒక్కడూ లేడు.

గురువారం సాయంత్రం వ్యాన్ వచ్చింది. ఆయన ఒక ట్రంకుపెట్టె, చుట్టిన పరుపు పెట్టుకుని ఎక్కాడు. గది కుర్రాళ్ళు నవ్వుతూ "పుల్లయ్యన్నా, పైలం!" అని అరిచారు. వాళ్ళ మధ్య అదొక వేళాకోళమైపోయింది. ఆయనా నవ్వాడు. నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. ఆయన అసలు పేరు నా నాలుక మీదే ఉంది. ఆ పేరుతో పిలిచి, వెళ్ళిరండి అనాలని ఎంత అనుకున్నా అనలేకపోయాను. ఆయనే నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేను తిరిగి ఊపేలోపు వ్యాన్ మలుపు తిరిగింది.

దోహా వదిలి వచ్చి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మా ఇంట్లో నేనే పెద్దదాన్ని. మా వీధిలో దీపం పెట్టాలన్నా, కాలువ మీద బండ వేయాలన్నా కాగితాలు పట్టుకుని బయల్దేరేది నేనే. మీకెందుకండీ ఈ తిరుగుడు, ఎవరికేం కావాలో మనకు తెలియదా అని పిల్లలు నవ్వుతారు. వాచ్‌మన్ గదైనా, పని మనుషులు ఉండే రేకుల ఇల్లైనా తలుపు కొట్టి, తీసేదాకా నిలబడతాను. మొదట పేరు అడుగుతాను. రాసుకున్నాక ఒకసారి పైకి చదివి, సరిగ్గా ఉందా అని అడుగుతాను. అలా అడిగిన ప్రతిసారీ నాకు మొఖం మీద వేడి తగులుతుంది. వెనక గది కిటికీకి రేకు బిగించింది ఆయన వెళ్ళిన మర్నాడు.