నా బదులు మాట పడిన సార్

సార్ పోయారని మొన్న ఉదయం తర్లుపాడు ఆటోలో ఉండగా ఫోన్ వచ్చింది. "నిద్రలోనే పోయినాడంట" అన్నారు. 

చాలా ఏళ్ళ కిందట, మార్కాపురంలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌కు ఆయన ఇన్‌ఛార్జి. నేను కొత్తగా చేరిన అసిస్టెంట్‌ని. కంప్యూటర్‌కు వరుసగా ఆజ్ఞలిచ్చే షెల్ స్క్రిప్టులు రాయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. బల్ల మీద ఒక రాతిపలక ఉంచి, స్క్రిప్టులో విలువను దాచుకునే ప్రతి వేరియబుల్ పేరూ, ఆ విలువా దాని మీద రాయించేవారు. కంప్యూటర్ ముందు పలకేమిటని నవ్వుకునేదాన్ని.

డాలర్ గుర్తూ బ్రాకెట్లూ పెట్టి, ఒక కమాండ్ లోపల ఇంకోదాన్ని నడిపించడం నాకు మహా సరదా. "అమ్మా, మన వేరియబుల్ ఆ బ్రాకెట్ల లోపలికి పోతాది. కానీ ఆడ నువ్వెంత మార్చినా ఈడ మారదు. లోపల ప్రింటయిందే బయటికొస్తాది, అంతే. చెరిపేది ఏందో ముందు కంటితో చూసుకో" అనేవారు. ఊఁ కొట్టేదాన్ని. వింటే కదా!

ఒకరోజు పాత ఫైళ్ళు చెరిపే స్క్రిప్టు రాశాను. చెరపాల్సిన ఫోల్డర్ పేరును బ్రాకెట్ల లోపలే వేరియబుల్‌లో పెట్టాను. బయట అది ఖాళీ. పేరు లేకపోయేసరికి, పైనున్న ఫోల్డర్ మొత్తం ఊడ్చుకుపోయింది. అందులో ఫైనలియర్ పిల్లల ప్రాజెక్టులున్నాయి. బ్యాకప్ డిస్కు అప్పటికే చెడిపోయి ఉంది.

"ఎవరు నడిపినారు దీన్ని?" అని ప్రిన్సిపాల్ అరిచారు. నేను నేల చూస్తున్నాను.

"నేనే సార్" అన్నారాయన.

ఆయన్ను తీసేశారు. ఆయన కుర్చీ నాకిచ్చారు. సిగ్గులేకుండా కూర్చున్నాను. ఆ వయసులో ఆయన్ను ఇంకే కాలేజీ తీసుకోలేదు. గిద్దలూరులో జిరాక్స్ దుకాణంలో అర్జీలు టైపు చేస్తూ బతికారు. ఒకసారి బస్సు కిటికీలోంచి చూశాను. దిగలేదు. అంత పిరికిదాన్ని.

మొన్న ఆటో దిగి, గిద్దలూరు బస్సెక్కాను. ఆయన భార్య వసారాలో గోడకానుకుని కూర్చుని ఉంది.

"అక్కా, ఆరోజు ఫైళ్ళు పోగొట్టింది సార్ కాదు, నేను" అన్నాను.

 "నాకు గూడా చెప్పలేదే తల్లీ" అంది. "చేతులారా ఉద్యోగం పోగొట్టుకున్నావని ఇన్నేండ్లూ తిడతానే ఉంటిని. నిన్న అన్నం పెడతా గూడా అంటినే."

లేచి లోపలికి వెళ్ళి, ఆయన పాదాలు రెండు చేతులతో పట్టుకుంది. పాడె కట్టడం అయిందని వచ్చినవాళ్ళు ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.