బొట్టు పెట్టిన బ్లేడు

2023 వేసవి. నగరానికి పడమటి వైపున ఒక మాల్‌లో ఉన్న ఐస్ రింక్‌లో నేను కోచ్‌ని. బయట ఎండ మాడ్చేస్తుంటే లోపల స్వెట్టర్ వేసుకుని నిలబడే ఉద్యోగం. మే నెలలో స్కూటర్ డిక్కీలో స్వెట్టర్ పెట్టుకుని బయలుదేరే నన్ను చూసి మా మధురానగర్‌లో పక్కింటివాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. ఆ సెలవుల రద్దీలోనే ఫిల్మ్ నగర్‌లోని ఒక సినిమా కంపెనీ నుంచి ప్రొడక్షన్ మేనేజర్ మూర్తిగారు వచ్చారు.

వాళ్ళ సినిమాలో హీరోయిన్ ఐస్ హాకీ ఆడుతుంది. ఆవిడ బదులు మంచు మీద దూసుకెళ్ళడానికి లావణ్య అనే డూప్‌ను తీసుకొచ్చారు. డూప్ అంటే తెలుసుగా, దెబ్బ తగిలే చోట హీరోయిన్ బట్టలు వేసుకుని నిలబడే మనిషి. లావణ్యది బోరబండ. గోడలు దూకింది, బైకులు ఎగరేసింది, మంచును మాత్రం ఫ్రిజ్‌లో తప్ప చూడలేదు. అంతకుముందే ఒక షూటింగ్‌లో మోకాలు దెబ్బతిని కొన్ని నెలలు ఇంట్లో కూర్చుంది. ఆ మోకాలికి ఇంకో దెబ్బ తగిలితే ఈ పని మర్చిపొమ్మని డాక్టర్ చెప్పేశారట. ఆమెకు తెలిసిన పని ఇదొక్కటే.

వచ్చీ రాగానే మూర్తిగారు, స్పీడ్‌గా వెళ్ళడం ఒక్కటి నేర్పితే చాలన్నారు. మరి ఆగడం ఎలా అని అడిగాను.

"ఆపడం మేం చూసుకుంటామండీ. ఫ్రేమ్ దాటగానే మా వాళ్ళిద్దరు పరుపు పట్టుకుని నిలబడతారు" అన్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ సినిమావాళ్ళుండే జూబ్లీ హిల్స్‌లో ఒక్కో ఇంటి ముందు నాలుగేసి కార్లుంటాయి. వాటిలో బ్రేకుల్లేని కారు ఒక్కటి చూపించమనండి. బ్రేకు వాళ్ళ కారుకు కావాలి, ఈ పిల్ల కాళ్ళకు మాత్రం అక్కర్లేదు. ఆయనతో వాదించి లాభం లేదని ఊరుకుని, మొదటి రోజు నుంచే ఆగడం నేర్పడం మొదలుపెట్టాను.

ముందు నేర్పేది స్నోప్లౌ. కాలివేళ్ళు లోపలికి, మడమలు బయటికి పెట్టి, మంచును గీకుతున్నట్టు పాదాలను బయటికి తొయ్యాలి. వినడానికి తేలిక. కానీ కొత్తవాళ్ళు భయంతో నిటారుగా బిగుసుకుపోతారు, బిగుసుకుంటే బ్లేడు మీద బరువు పడదు, మనిషి ఆగదు. లావణ్య బాధ ఇంకోటి. ఆగమంటే చాలు, అలవాటు కొద్దీ పక్కకు దొర్లి పడిపోయేది. అంత అందంగా పడేవాళ్ళను నేను చూడలేదు. ఎందుకమ్మా పడతావు అంటే నవ్వేసింది.

"పడుడు నాకొచ్చు మేడం. ఆగుడే ఎవలూ నేర్పలే."

ఆ మాటకు నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్ళు ఇంతమంది ఆమెను పరుగెత్తించారు, విసిరేశారు, దూకించారు. ఆగడం నేర్పాలని ఒక్కరికీ తోచలేదు. ఆ కోపంతోనే హాకీ స్టాప్ కూడా నేర్పాను. వేగంగా వస్తూ రెండు పాదాలనూ ఒక్కసారి అడ్డం తిప్పాలి. మంచు పొడిలా లేస్తుంది, మనిషి నిలుస్తుంది. రింక్‌లోని పాత అద్దె స్కేట్స్ మీద ఎన్నిసార్లు పడిందో గానీ, చివరికి నా షూస్ మీద మంచు చిమ్మి మరీ ఆగింది. ఆగినచోట కదలకుండా నిలబడి కాళ్ళకేసి చూసుకుంది.

షూటింగ్ రోజు పొద్దున్నే యూనిట్ దిగింది. సినిమా కోసం కొన్న కొత్త హాకీ స్కేట్స్ పెట్టెలోంచి తీస్తే బ్లేడ్లకు పసుపు, కుంకుమ బొట్లు. ఫిల్మ్ నగర్ ఆఫీసులో పూజ చేయించారట. మొదటి షాట్ దాకా ఎవరూ తొడగకూడదని దాచి ఉంచారట. నేను బ్లేడు అంచు మీద గోరు గీసి చూశాను. పదునుంటే గోటి మీంచి సన్నటి పొడి రాలాలి. ఏమీ రాలలేదు.

కొత్త స్కేట్స్ చాలావరకు పదును లేకుండానే వస్తాయి. బ్లేడు అడుగున సన్నటి గాడి చేసి, దానికి రెండు వైపులా అంచులు తేవాలి. మంచును పట్టుకునేవి ఆ అంచులే. సాన మెషిన్ పక్క గదిలోనే ఉంది, కాసేపట్లో పట్టేస్తానన్నాను.

"పూజయ్యాక సాన పట్టడమేంటండీ, అపశకునం. ముహూర్తం దాటిపోతోంది" అన్నారు మూర్తిగారు.

పోనీ పాతవి వేసుకోనివ్వమంటే కెమెరాలో బాగుండవన్నారు. ఆయుధపూజ చేసిన కారులో మర్నాడు గాలి కొట్టించుకోరా అని అడిగాను. ఆయన గడియారం చూసుకున్నారు.

లావణ్య కొత్తవి తొడుక్కుంది. రింక్ చుట్టూ ఉన్న కడ్డీ పక్కనే నెమ్మదిగా కదిలి స్నోప్లౌ వేసింది. బ్లేడు పింగాణీ పళ్ళెం మీద గరిటెలా జారిపోయింది. ఇంకోసారి వేసి చూసింది, అంతే. కడ్డీ పట్టుకుని బయటికొచ్చి, బెంచీ మీద కూర్చుని లేసులు విప్పడం మొదలుపెట్టింది. ఇంకో డూప్‌ను పిలిపిస్తానన్నారు మూర్తిగారు.

"పిలుసుకోండ్రి సార్. గీ బూట్లు ఆగయి. వచ్చేటామెకు గూడ గదే చెప్త" అంది, తల ఎత్తకుండానే.

దర్శకుడు వచ్చి సంగతి విని, పూజ చేసిన పంతులుగారికే ఫోన్ చేయించాడు. ఆయన తేల్చేశారు: పని సరిగ్గా జరగాలనే కదా నాయనా పూజ, పదును పెట్టించుకోండి. నా మాట చెవికెక్కని పెద్దమనిషికి అదే మాట ఫోన్లో వినేసరికి ఎక్కేసింది.

సాన పట్టాను. కుంకుమ పోయింది, ముహూర్తమూ దాటింది, కొంప ఏమీ మునగలేదు. లావణ్య బాణంలా వచ్చి, పాదాలు తిప్పి, కెమెరా అద్దం మీద మంచు కొట్టి ఆగింది. పరుపు పట్టుకున్న ఇద్దరిలో ఒకతను అప్పటికే జారి చతికిలబడ్డాడు.

సినిమా విడుదలయ్యాక లావణ్య, నేను కలిసి వెళ్ళాం. ఆ మంచు లేచినప్పుడు హాల్లో ఈలలు. వెంటనే హెల్మెట్ తీసి హీరోయిన్ నవ్వింది. అది డూప్‌ల వృత్తి ధర్మం, దానికి నేనేమీ అనను. కానీ మూర్తిగారు లావణ్యను మళ్ళీ పనికి పిలవలేదు. నోరెక్కువ అని నలుగురికీ చెప్పారట. మోకాలు కాపాడుకోవడం నోరెక్కువ అయితే, ఆ నోరు డూప్‌లందరికీ ఉండాలని నేనంటాను. ఇప్పుడు ఆమె మా రింక్‌లోనే కొత్తవాళ్ళకు నేర్పుతోంది. మొదటి క్లాసు ఆగడమే.

సినిమావాళ్ళు నా దగ్గరికి ఇప్పటికీ వస్తారు. ఎవరొచ్చినా ఒకటే చెబుతాను. స్కేట్స్ ముందు నా చేతికి రావాలి, ఆ తర్వాతే దేవుడి దగ్గరికి.