పిన్ని నన్ను కొట్టులోంచి పంపేసిన రోజు

చిన్న గిన్నెలో పెట్రోలు పోసి గడియారం చక్రాలు కడుగుతుంటే ఘాటైన వాసన లేస్తుంది. ఆ వాసనకు ఎవరికైనా బండి గుర్తొస్తుంది. బండి నడిపి బతికిన నాకు మాత్రం రమణమ్మ పిన్ని గుర్తొస్తుంది.

అనంతగిరి ఘాట్‌లో నా జీపు లోయవైపు ఒరిగిపోయిన వానాకాలం నా కుడికాలు మోకాలి దగ్గర విరిగింది. కర్ర పట్టుకుని నడవడం వచ్చింది కాని, బ్రేకు మీద బలంగా కాలు వేయడం మళ్ళీ రాలేదు. ఇంట్లో ఉండలేక అరకు బజారుకు వచ్చి, పిన్ని కొట్టు ముందు బల్ల మీద కూర్చునేవాణ్ణి. విజయనగరం వైపు నుంచి కాపురానికి వచ్చి, భర్త పోయాక ఆయన గడియారాల కొట్టును తానే నడుపుతున్న మనిషి ఆమె. నాకు చుట్టం కాదు. బజారంతా పిన్ని అంటుంటే నేనూ అన్నాను.

ఒకరోజు పిన్ని కంటికి బిగించుకున్న భూతద్దం తీయకుండానే అడిగింది.

"రోజూ వొచ్చి ఏటి సూత్తన్నావురా?"

"ఎల్లే బళ్ళు సూత్తన్నాను పిన్నీ."

"ఎల్లిపోయేవి సూసి ఏటి సేత్తావు? ఇక్కడ ఆగిపోయిందొకటుంది, ఇది సూడు."

అలా మొదలైంది. గేరు రాడ్డుకు అలవాటైన నా వేళ్ళ మధ్య పట్టకారు నిలిచేది కాదు. స్క్రూలు ఎగిరిపోయేవి. నేల మీద పాకుతూ వెతికేవాణ్ణి. పిన్ని ఓదార్చేది కాదు. "సెయ్యి మొరటుదని సాకు సెప్పకు. ఘాటు మలుపులో బండినెలా వొదిలేవోడివి? అలాగే స్క్రూనీ మెల్లగా వొదులు," అనేది. ఆ మాట పట్టుకుని, విప్పిన అలారం గడియారాన్నే మళ్ళీ మళ్ళీ విప్పి బిగించాను. బిగించినప్పుడల్లా పిన్ని దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వినేది.

పని చేతికి వచ్చిందనుకుంటున్న రోజుల్లో, "రేపట్నించి కొట్టుకి రాకు," అంది. పట్టకారు కింద పెట్టి ఆమె వైపు తిరిగాను.

"నా కాడుంటే ఎప్పటికీ నా పనోడివే. సంత దారిలో నీ టేబులు నువ్వేసుకో."

"జనం నన్ను నమ్మొద్దా?"

"నువ్వు కూకోకపోతే ఎవుల్ని నమ్ముతారు?"

టేబులు వేశాను. చాలాకాలం బెల్టులు, బ్యాటరీలు తప్ప ఏమీ రాలేదు. చివరికి ఒక కాఫీ రైతు తన తండ్రి పెట్టుకున్న కీ గడియారం తెచ్చాడు. "రమణమ్మ కాడికెల్తే నీ కాడికి పొమ్మంది," అన్నాడు అపనమ్మకంగా. ఎంత చేసినా అది నడిచినట్టే నడిచి ఆగిపోయేది. దాన్ని పట్టుకుని కుంటుకుంటూ పిన్ని దగ్గరికి వెళ్ళాను. ఆమె చెయ్యి చాపలేదు.

"నాను ముట్టను. ముడితే అది నా పనవుతాది."

కోపంగా తిరిగొచ్చాను. ఆ కోపంతోనే మొదటి స్క్రూ నుంచి మళ్ళీ విప్పాను. చక్రం పళ్ళ మధ్య వెంట్రుకకన్నా సన్నని దూదిపోగు దొరికింది. గడియారం తీసుకోవడానికి వచ్చిన రైతు, ఆగకుండా కదిలే ముల్లునే చూసి, "వొచ్చే సంతకి మా తమ్ముడిది తెత్తాను," అన్నాడు.

కళ్ళు మసకబారాక పిన్ని కొట్టు మూసేసింది. కూతురి దగ్గరికి కొండ దిగే రోజు నా టేబులు దగ్గరికి వచ్చి, తన చేతి గడియారం విప్పి ముందు పెట్టింది. అప్పటికే ఇద్దరు కాచుకుని ఉన్నారు. ఆమెది ముందు తీయబోతే, "ఆల్లవి అయ్యాకే నాది," అని కూర్చుంది. నా పని అయ్యాక గడియారం తీసుకుని నేరుగా చేతికి కట్టుకుంది.

"సెవి కాడ పెట్టి ఇనవా పిన్నీ?"

"నువ్వు సేసినావు గదా," అంది.

పిన్ని ఇప్పుడు లేదు. పని మొండికేసినప్పుడు, లేచి వెళ్ళిపోదామనిపించినప్పుడు, ఆ మాట నన్ను కుర్చీలోనే కూర్చోబెడుతుంది.