పందొమ్మిదేళ్ల ఆఖరి స్థానం

మా చెక్క పడవల క్లబ్బుకు ఆఫీసు లేదు, చందా లేదు, బుద్ధి అసలే లేదు. టాస్మేనియాలో, హ్యూన్ నది ఒడ్డున ఓ పాత ఆపిల్ షెడ్డులో పుట్టింది. అధ్యక్ష పదవి ఎవరికీ అక్కర్లేకపోయింది. అందుకని ఏటా తెరచాపల పందెంలో చివర వచ్చినవాడికి దాన్ని అంటగట్టాలని తీర్మానించాం.

మొదటి ఏడాది నుంచీ అది లిండ్సే డ్రాన్స్‌ఫీల్డ్‌కే దక్కింది. మేం టీ తాగి కప్పులు కడిగేశాక గానీ అతని తెరచాప కనబడేది కాదు.

"నీకంటే ఈ షెడ్డే ముందొస్తుందిరా," అనేవాణ్ణి.

నవ్వేసేవాడు. పందెం తర్వాత విందులో అధ్యక్షుడు మాట్లాడుతుంటే ఎవరూ లేవకూడదన్నది మా క్లబ్బు నియమం. పడవ అడుగుకు వేసే రంగు గురించి గంటన్నర వాయించేవాడు. పందొమ్మిదేళ్లు భరించాం.

నిరుడు లిండ్సే పోయాడు. ఈ ఏడు అతని భార్య నోరీన్ అదే పడవలో మా అందరికంటే అరగంట ముందు ఒడ్డు చేరింది.

"పడవకి ఏం చేయించావు వదినా?" అన్నాను.

"ఏమీ లేదు. వెనకాల నీళ్లలో ఈడ్చుకుంటూ రావడానికి ఆయన కట్టుకున్న బకెట్టు విప్పేశాను."

"కావాలనే ఓడిపోయేవాడా? ఎందుకూ?"

నోరీన్ పడవ తాడు గుంజకు చుడుతూ అంది: "ఇంట్లో నేనెప్పుడు నోరెత్తనిచ్చాను గనక."