ముడి విప్పేదెవరు?

పుంగనూరులో వరద సహాయం మాక్ డ్రిల్‌కి మా పొదుపు సంఘం ఆడవాళ్లను పిలిచారు. కాలు విరిగి మేడ మీద చిక్కుకున్న మనిషి వేషం నాకు పడింది. ఉత్సాహంగా మూలిగాను కూడా! ఫైర్ సిబ్బంది నన్ను చేతులతో సహా స్ట్రెచర్‌కి తాళ్లతో బిగించి కిందికి దించారు. అందరూ చప్పట్లు కొట్టి టిఫిన్లకు వెళ్లిపోయారు. నన్నెవరూ విప్పలేదు. ఇంతలో ముక్కు మీదికి చీమ ఎక్కింది.

"సార్! నేనింకా ఈడే ఉండాను!" అని గావుకేక పెట్టాను.

తహసీల్దారు ఉప్మా ప్లేటుతోనే పరుగెత్తుకొచ్చారు. "ఈయమ్మను యాల విప్పలేదప్పా?"

"దించేదాకే మా పని సార్," అన్నాడు ఫైర్ ఆయన.

"ఆ ముడి మాకు రాదు సార్," అంది ఆసుపత్రి నర్సు.

నవ్వలేక, గోక్కోలేక నాకు కళ్లనీళ్లొచ్చాయి.

మరుసటి ఏడు వాగు నిజంగానే మా వీధిలోకి పొంగింది. పక్కింటి మేడ ఎక్కించిన మా అత్తను, నడవలేని మనిషిని, అలాగే కట్టి దించారు. స్ట్రెచర్ నేలకు ఆనిందో లేదో, అదే నర్సు ఒక్క లాగుతో ముడి విప్పేసింది.

"సూస్తివా అక్కా, ఫైర్ వాళ్ల దగ్గరే నేర్చుకున్నాము," అని నవ్వింది.

ఆపదలో అందరూ వస్తే చాలదు, మనిషిని ఒకరి చేతిలోంచి ఇంకొకరు అందుకోవాలి. ఆ మాటే అంటూ అత్తను అంబులెన్స్ ఎక్కిస్తుంటే ఆవిడ ముక్కు గోక్కుంటూ అడిగింది:

"అదంతా సరే గానీ, ముక్కు మీద చీమను తోలేది ఏ డిపార్ట్‌మెంటోళ్లమ్మా?"