నేస్తాన్ని పేరు పెట్టి పిలిచిన రోజు

“పట్నం సూడ్డానికేటుంది మేస్టారూ, కళ్ళుంటే సాలు. ఇంతమంది ఆడోళ్ళని ఒక్కపాలి లేపి, ఒక్క దారంట నడిపించి, ఒక్కత్తినీ తప్పించకుండా మళ్ళీ కొండెక్కించడం, అదీ పనంటే!”

సోములమ్మ ఆ మాట అంటూనే చింతకాయ పెంకు వలిచి చేటలో వేసింది. ఎదురుగా చాప మీద మిషను బడి పంతులు దైవాధీనం కూర్చుని ఉన్నాడు. డుంబ్రిగుడ సంతకు వచ్చినప్పుడల్లా ఆయన ఆమె అరుగు మీద కాసేపు ఆగుతాడు. ఆమె చెబుతుంటే ఊఁ కొట్టడం ఆయనకు ఇష్టం.

“మరి ఇప్పుడెందుకు మానేశావు సోములమ్మా?” అన్నాడు.

ఆమె కథను మొదటినుంచీ ఎత్తుకుంది.

వయసులో ఉండగా, పసుపు అమ్మబోయే మొగుడి కావడి వెంట కొండ దిగి ఆమె మొదటిసారి విశాఖపట్నం చూసింది. సముద్రం చూసి వచ్చాక మనసు కుదుట పడలేదు. తన నేస్తం దాన్ని చూడలేదు మరి. నేస్తమంటే మాటవరస స్నేహితురాలు కాదు. చిన్నతనంలో చైత్రం పండగనాడు, దేవత రాయి ముందు పూసలదండలు మార్చుకుని కట్టుకున్న నేస్తం. అలా కట్టుకున్నవాళ్ళు బతికున్నంతకాలం ఒకరినొకరు నేస్తం అనే పిలుచుకోవాలి. పేరెత్తారో, కట్టు తెగినట్టే. లోకానికి ఆమె కొండ అవతలి ఊళ్ళో గాసి అనే అతని పెళ్ళాం. సోములమ్మకు నేస్తం, అంతే.

“నాను సూసింది అది సూడకపోతే నానూ సగమే సూసినట్టు గదా!”

అలా మొదలైంది. ఏటా చింతపండు దిగే రోజుల్లో సోములమ్మ సంతలో ఆడవాళ్ళను పోగుచేసేది. జగడాలమారిని రానిచ్చేది కాదు. అంబలి కాచుకోవడానికి చోడిపిండి ఎవరు తేవాలో, కుండ ఎవరు మొయ్యాలో తనే చెప్పేది. శృంగవరపుకోటలో షావుకార్ల బళ్ళకు గంపలెత్తి పెడితే, ఆ బళ్ళ మీదే వాళ్ళను పట్నందాకా ఎక్కించుకుపోయేవారు.

“సముద్రమేటి కోడిపెట్టా? మీరెల్లి గుడ్డట్టుకొత్తారా?” అని మరిది బుధు వెక్కిరించేవాడు.

“నీ మొకం ఏడాదంతా సూత్తన్నాం. ఒకపాలి దాన్ని సూసొత్తే తప్పేటిరా?” అనేది సోములమ్మ.

పట్నంలో వాళ్ళ నడకే వేరు. థింసా ఆడేటప్పటిలా, పక్కదాని వీపు వెనక నుంచి చేతులు పెనవేసుకుని ఒకే వరసగా నడిచేవారు. ఈ కొసన సోములమ్మ, ఆ కొసన నేస్తం. వీధి పిల్లలు “రైలొచ్చిందిరోయ్!” అని వెంటపడితే, ఆ కొసనుంచి నేస్తం కూత పెట్టేది. అందరూ నవ్వలేక చచ్చేవారు.

రేవు తవ్వడం మొదలైన ఏడు, మట్టి తోడే ఓడను చూపిద్దామని సోములమ్మే వరసను అటు తిప్పింది. కూలీలు, బళ్ళు, వేడుక చూసే జనం. జట్కా గుర్రం ఒకటి బెదిరి మీదికి రావడంతో వరస తెగింది. తేరుకుని చూసేసరికి నేస్తం లేదు.

“‘నేస్తం, నేస్తం’ అని అరిసినాను. పట్నంలో ఎవత్తికెవత్తి నేస్తం కాదు? ఇద్దరు ముగ్గురు తిరిగి సూసినారు. అది తిరగనేదు. దూరాన అగుపించినాది మేస్టారూ. పట్టాల మీద నిలబడి ఓడకేసి సూత్తంది. ఎనకనించి మట్టిపెట్టెల బండొచ్చెత్తంది.”

దైవాధీనం చాప మీద ముందుకు జరిగాడు.

“పేరెట్టి పిలిసీసినాను.”

ఆ పేరు ఆమె ఇప్పుడు కూడా పైకి పలకలేదు.

నేస్తం గిర్రున తిరిగింది. బండిని చూసి పక్కకు దూకింది. సోములమ్మ పరుగున వెళ్ళి పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుంది.

“ఎందుకు పిలిసినావే? అది తొక్కీసినా నీ నేస్తంగానే సచ్చిపోదును గదా! ఇప్పుడు నీకు నానెవర్ని?”

తిరుగుదారిలో ఆమె బండి మీద అటు తిరిగి కూర్చుంది. ఎవరు చోడంబలి ఇచ్చినా తాగలేదు. మరుసటి ఏడు సోములమ్మ పిలిస్తే ఆడవాళ్ళు వచ్చారు గానీ, ఆ కొసన నిలబడేదెవరంటే ఎవరికి వారు వెనక్కి జరిగారు. కొండ దిగకుండానే చెదిరిపోయారు. సంతలో ఎదురుపడితే గాసి పెళ్ళాం ఇప్పటికీ పక్కదారి పడుతుంది.

“ప్రాణం నిలబెట్టావు కదా సోములమ్మా, ఇందులో నీ తప్పేముంది?” అన్నాడు దైవాధీనం.

“తప్పని నానన్నానా? రేపు ఆ బండే మళ్ళీ వత్తే మళ్ళీ పిలుత్తాను. అయినా పోయింది పోయినట్టే గదా బాబూ.” చేతిలోని చింతకాయను వలవకుండా అలాగే పట్టుకుంది. “అది లేకపోతే ఎవత్తికీ నవ్వు రాదు. నవ్వురాని ఆడోళ్ళని కొండ దింపి నానేటి సేసుకోను?”

దైవాధీనం లేచాడు. పొద్దు వాలకముందే కొండ అవతలి ఊరు చేరాలి. తెల్లారితే అక్కడ ప్రార్థన ఉంది.

“ఉండు మేస్టారూ.”

లోపలికి వెళ్ళి, అడ్డాకులో గుప్పెడు పసుపుబియ్యం మడిచి తెచ్చింది. కట్టు తెగినవాళ్ళు ఒకరి గుమ్మం ఒకరు తొక్కకూడదు. మళ్ళీ కట్టుకోవాలంటే మూడో మనిషి పసుపుబియ్యం పట్టుకెళ్ళి అడగాలి. ఊళ్ళోవాళ్ళను పంపితే నలుగురి నోళ్ళలో పడుతుందని ఇన్నాళ్ళూ ఆగింది.

“గాసి ఇంటికాడుంటే నీళ్ళు తాగి ఊరకే కూకో. అది ఒక్కత్తీ ఉన్నప్పుడు దీన్ని సేతిలో ఎట్టు. ఎవరంపినారంటే నా పేరు సెప్పు. ఏటంటాదో ఇనీసి బేగి రా. తిట్టినా సరే, ఒక్క ముక్క తగ్గించకుండా నాకు సెప్పాల.”